గాంగ్‌టక్ నుంచి నాథూలాకి షేర్ బండి: పర్మిట్‌లో ఏం రాసుందో చూసి ఎక్కండి

సిక్కింకి మూడు దేశాలతో సరిహద్దు: పడమర నేపాల్, తూర్పున భూటాన్, పైన చైనా చేతిలోని టిబెట్. కంచె దగ్గర నిలబడి అవతలి దేశాన్ని చూడాలనుకునేవాళ్లు ఎక్కువగా వెళ్లేది చైనా సరిహద్దులోని నాథూలా కనుమకే. గాంగ్‌టక్ నుంచి 55 కిలోమీటర్లు ఉంటుంది. రిజిస్టర్డ్ ఏజెన్సీలు నడిపే షేర్ బండ్లు బాగానే ఉంటాయి, కానీ టికెట్ అమ్మే తీరులోనే తిరకాసు ఉంది.

'నాథూలా ట్రిప్' అని చెప్పి అమ్మేది చాలాసార్లు ఛాంగూ సరస్సు, బాబా మందిర్ వరకే. కనుమ దాకా పోవాలంటే పర్మిట్ వేరు, దానికి డబ్బూ వేరు. మీ పర్మిట్ కాగితంలో 'నాథూలా' అన్న మాట లేకపోతే చెక్‌పోస్ట్ దాటాక డ్రైవర్ చేయగలిగేదేమీ ఉండదు. డబ్బు కట్టేముందే ఆ మాట అడగండి. మంచు పడి దారి మూస్తే ఎంత వెనక్కిస్తారో కూడా రాయించుకోండి.

పర్మిట్‌కి ముందురోజే ఏజెన్సీకి ఓటరు కార్డు జిరాక్స్, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు ఇవ్వాలి. ఆధార్ ఒక్కటే నమ్ముకుని వెళ్లొద్దు, ఓటరు కార్డు గానీ పాస్‌పోర్ట్ గానీ దగ్గరుంచుకోండి. పిల్లలకైతే బర్త్ సర్టిఫికెట్. సోమ, మంగళవారాలు నాథూలా మూసే ఉంటుంది. విదేశీ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లని ఛాంగూ వరకే పంపుతారు, కాబట్టి అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు ఇది ముందే లెక్కలో పెట్టుకోవాలి.

బండిలో పదిమందిని కూర్చోబెడతారు: ముందు ఇద్దరు, మధ్యలో నలుగురు, వెనక నలుగురు. వెనక సీటులో మోకాళ్లు ముందు సీటుకి ఆనుకుంటాయి, మలుపుల్లో కడుపులో తిప్పుతుంది. వాంతులయ్యేవాళ్లు నాలుగు డబ్బులు ఎక్కువైనా ముందు సీటే అడగాలి.

అసలు జాగ్రత్త పడాల్సింది ఎత్తు విషయంలో. గాంగ్‌టక్ సుమారు 1,650 మీటర్లు, నాథూలా 4,310. ఒక్క పూటలో 2,600 మీటర్లకు పైగా ఎక్కేస్తారు, ఒళ్లు అలవాటు పడే టైమే ఉండదు. పైన గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదాంట్లో దాదాపు 60 శాతమే. సంచిలో చిప్స్ ప్యాకెట్ ఉంటే చూడండి, బూరలా ఉబ్బిపోతుంది. తలనొప్పి, వికారం, ఆయాసం వచ్చేది అందుకే. పార్కింగ్ నుంచి కంచె దాకా మెట్లున్నాయి, పది మెట్లకోసారి ఆగుతూ ఎక్కండి. ముందురోజు రాత్రి మద్యం ముట్టుకోవద్దు. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా బయల్దేరొద్దు. పైన ఫొటోలు తీయనివ్వరు. గ్లవ్స్, బూట్లు ఛాంగూ దగ్గర అద్దెకి దొరుకుతాయి.

పెద్దవాళ్లో చిన్నపిల్లలో ఉంటే మాత్రం షేర్ బండి వద్దు, సిక్కిం నంబర్ బండి మొత్తం మాట్లాడుకోండి. ఎవరికైనా ఊపిరాడకపోతే వెంటనే కిందికి దించడమే మందు. షేర్ బండిలో మిగతా తొమ్మిదిమంది ఒప్పుకుంటేనే డ్రైవర్ వెనక్కి తిప్పుతాడు.