గోయింగ్‌స్టిక్ రీడింగులు: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

బ్రిటన్ గుర్రప్పందాల నేల వివరాలను కొన్నేళ్లుగా రోజూ షీటులోకి ఎక్కిస్తున్నాను. అందుకే తీర్పు ముందే చెప్పేస్తాను. పందెపు నేల ఎంత గట్టిగా ఉందో కొలిచే గోయింగ్‌స్టిక్ అనే పరికరం ఇచ్చే అంకెకు ఐదులో నాలుగు మార్కులు, దాని పక్కన ఉండే ‘గుడ్’ (మధ్యస్థం), ‘గుడ్ టు సాఫ్ట్’ (కాస్త మెత్తన) అనే అధికారిక మాటకు రెండు. పరుగు దూరానికి ఎన్ని ఇవ్వాలో కోర్సును బట్టి ఉంటుంది. నేల గురించి అందరూ వాదించుకుంటారు గానీ, టైముల లెక్కను నిశ్శబ్దంగా చెడగొట్టేది ఆ దూరమే.

ముంబయి మహాలక్ష్మి రేసుల వివరాల్లో పెనెట్రోమీటర్ రీడింగు చూసి అలవాటున్నవారు ఇక్కడ కాస్త జాగ్రత్తపడాలి. పెనెట్రోమీటర్‌లో ఒక బరువును నిర్ణీతమైన ఎత్తు నుంచి వదిలి, కడ్డీ నేలలోకి ఎంత దిగిందో చూస్తారు. అంకె పెరిగిందంటే నేల మెత్తబడిందని అర్థం. గోయింగ్‌స్టిక్‌ది దీనికి పూర్తిగా తలకిందులు వ్యవహారం: అంకె పెరిగితే నేల గట్టిపడినట్లు. టర్ఫ్‌ట్రాక్స్ సంస్థ క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంతో కలిసి తయారుచేసిన ఈ పరికరం రెండు బలాలను కొలుస్తుంది. మొనను నేలలోకి దింపడానికి ఎంత బలం పట్టింది, దిగిన తరువాత పిడిని 45 డిగ్రీలు వెనక్కి లాగడానికి ఎంత పట్టింది. మొదటిది నేల గట్టిదనాన్ని చెబితే, రెండోది పచ్చిక వేళ్ల పట్టును చెబుతుంది. గుర్రం గిట్ట కూడా నేలతో ఈ రెండు పనులే చేస్తుంది కాబట్టి, ఆలోచన నాకు మొదటి నుంచీ నచ్చింది. ఊతకర్ర గుచ్చి, బూటు మడమతో తొక్కి చూసి క్లర్క్ ఆఫ్ ది కోర్స్, అంటే రేసుకోర్సు నేల బాధ్యత చూసే అధికారి, ఒక మాట చెప్పే పాత పద్ధతి కన్నా ఇది వెయ్యి రెట్లు నయం.

స్కేలు 0 నుంచి 15 వరకు ఉన్నా, మామూలుగా కనిపించేవి 5కూ 10కీ అటూ ఇటూగా ఉంటాయి. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒక కోర్సులో ‘గుడ్’ అనిపించుకున్న 7.5 మరో కోర్సులో ‘గుడ్ టు ఫర్మ్’ (కాస్త గట్టి) కావచ్చు. ఎప్సమ్, గుడ్‌వుడ్ సుద్దరాతి గుట్టల మీద ఉన్నాయి, నీరు త్వరగా ఇంకిపోతుంది. బంకమట్టి కోర్సుల్లో అదే వాన రోజుల తరబడి నిలుస్తుంది. అన్ని కోర్సుల అంకెలనూ ఒకే వరుసలో పోసి సగటు తీసే పట్టికలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒకే కోర్సులో నిన్నటికీ ఇవాళ్టికీ, పోయిన నెలకూ ఈ నెలకూ తేడా చూసుకుంటే మాత్రం ఈ అంకె చక్కగా పనిచేస్తుంది.

ఆస్కాట్ రేసుకోర్సులో నేరుగా సాగే ట్రాక్‌కు ప్రేక్షకుల స్టాండ్స్ వైపు, మధ్య, అవతలి వైపు అని విడివిడిగా ఇచ్చి, వంపు ట్రాక్‌కు వేరే అంకె ఇస్తారు. మొత్తం వ్యవస్థలో నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది ఇదే. ఇరవైకి పైగా గుర్రాలు రెండు గుంపులుగా చీలి చెరో కంచె పక్కన పరిగెత్తే రేసులో, సగటు ఎంత అన్నదాని కన్నా ఏ పక్క నేల గట్టిగా ఉందన్నదే అవసరం. అయితే 0.1 తేడాను పట్టుకుని సిద్ధాంతాలు కట్టవద్దు. గుచ్చే చేయి మారితే ఆ మాత్రం తేడా వస్తుంది.

ఇక మాట సంగతి. రేసుకోర్సుకు గుర్రాలు నిండుగా రావాలి. నేల మరీ గట్టిపడిందన్నా, మరీ బురదగా ఉందన్నా ట్రైనర్లు గుర్రాలను వెనక్కి తీసుకుంటారు. అడ్డంకులు లేని ఫ్లాట్ రేసులకు ‘గుడ్ టు ఫర్మ్’, అడ్డంకులు దూకే జంప్ రేసులకు ‘గుడ్’ లక్ష్యంగా పెట్టుకోవాలని బ్రిటిష్ హార్స్‌రేసింగ్ అథారిటీ నియమం కూడా ఉంది. అబద్ధం చెబుతారని నేను అనను. కానీ ఉన్నదానిలోకి ఉండాలనుకున్నది కొంచెం జారుతుంది.

పోయిన శరత్కాలంలో ఒక చిన్న కోర్సులో జరిగింది చెబుతాను, పేరెందుకులెండి. ఉదయం ఏడున్నరకు తీసిన రీడింగు 6.8, మాట ‘గుడ్ టు సాఫ్ట్’. పదకొండు గంటలకు వాన పట్టుకుంది. మొదటి రేసు ఒక మైలు. ఆ కోర్సులో ఆ దూరానికి ప్రామాణికంగా పెట్టుకున్న స్టాండర్డ్ టైము కన్నా ఆరు సెకన్లు ఆలస్యంగా ముగిసింది, అంటే ఫర్లాంగుకు (మైలులో ఎనిమిదో వంతుకు) ముప్పావు సెకను. అది గుడ్ టు సాఫ్ట్ నేల మీద వచ్చే టైము కాదు. రెండో రేసుకు ముందు మాటను ‘సాఫ్ట్’ అని మార్చారు. అంకెను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, వానలో మళ్లీ కోర్సంతా తిరిగి గుచ్చే తీరిక ఎవరికి ఉంటుంది? కొన్ని నెలల తరువాత ఆ రోజు వివరాలను పాత రికార్డుల నుంచి దించుకుంటే ‘సాఫ్ట్, 6.8’ అని పక్కపక్కనే ఉన్నాయి. మాట మధ్యాహ్నానిది, అంకె ఉదయానిది. తీసిన గంట ఎక్కడా లేదు. ఇలాంటి వరుసలు వందలకొద్దీ పోగేసి కంప్యూటర్‌తో లెక్క కట్టేవారికి ఈ విషయం తెలిసే దారే లేదు.

దూరం ఇంతకన్నా మోసకారి. పచ్చికను కాపాడుకోవడానికి వంపుల దగ్గర లోపలి కంచెను బయటికి జరుపుతారు. ఆ రోజు రేసు ప్రకటించిన దూరం కన్నా, ఉదాహరణకు, 26 గజాలు ఎక్కువవుతుంది. అంటే దాదాపు 24 మీటర్లు, గుర్రానికి ఒకటిన్నర సెకను. సెకనుకు ఆరు గుర్రపు నిడివులుగా వేసుకుంటే తొమ్మిది నిడివుల తేడా! ఈ అదనపు గజాలను బ్రిటన్‌లో రేసు రోజు ప్రకటిస్తారు, అందుకు మెచ్చుకోవాలి. నేను డబ్బు కట్టి తీసుకున్న ఒక డేటా సేవలో మాత్రం ఆ గడే లేదు. అదీ లేకుండా ఆ టైములను చూసి నేల మెత్తగా ఉందని తేల్చేస్తే, కంచె చేసిన పనికి వానను తిట్టినట్లే. జంప్ రేసుల సంగతి మరీ అన్యాయంగా ఉండేది. 2015లో సర్వేయర్లతో తిరిగి కొలిపించారు. అంతకు ముందటి దూరాలను ఆధారంగా చేసుకుని వేగాలు లెక్కించే పని నేను పెట్టుకోను. అమెరికాలోనైతే గేటు దాటి కొంత దూరం పరిగెత్తాకే గడియారం మొదలవుతుంది, ఆ కొంత ఎంత అన్నది ట్రాక్‌ను బట్టి, రేసును బట్టి మారుతుంది. అక్కడి టైములు, ఇక్కడి టైములు కలిపి చూసేవారికి ఓపిక ఎక్కువని అనుకోవాలి.

కృత్రిమ ట్రాక్‌ల మీద దాదాపు ఎప్పుడూ ‘స్టాండర్డ్’ అనే ఉంటుంది కాబట్టి ఆ గడిని నేను చదవడమే మానేశాను. ఒక్క హెచ్చరిక: సౌత్‌వెల్ కోర్సులో 2021 వరకు ఫైబర్‌శాండ్ అనే ఇసుక ట్రాక్ ఉండేది, ఆ ఏడాదే టపేటా అనే మరో రకం కృత్రిమ నేలకు మార్చారు. మీ పాత రికార్డుల్లో రెండూ ‘సౌత్‌వెల్’ అనే ఒకే పేరు కింద కలిసి ఉంటే, ముందు తేదీని బట్టి విడదీయండి. లోతైన ఇసుకలో ఈదిన గుర్రాల రికార్డు ఇప్పటి ట్రాక్‌కు ఏ విధంగానూ పనికిరాదు.

కొత్తగా మొదలుపెట్టేవారు నాలుగైదు కోర్సులనే ఎంచుకుని, వాటి అంకెల చరిత్రను సొంతంగా రాసుకోవడం మంచిది. రేసు రోజు ఉదయం రీడింగును, వాన ఎన్ని మిల్లీమీటర్లు పడిందో, మొదటి రెండు రేసుల టైములు స్టాండర్డ్‌కు ఎంత దూరంలో ఉన్నాయో పక్కపక్కన పెట్టుకుంటే, మూడో రేసు నాటికి నేల సంగతి అధికారిక మాట కన్నా ముందే తెలుస్తుంది. నిర్వాహకులను నేను అడిగేది ఒక్కటే: అంకె తీసిన గంటను పాత రికార్డుల్లో కూడా ఉంచండి. ప్రస్తుతానికి ఆ గడిని ప్రతి ఉదయం నేనే చేత్తో నింపుకుంటున్నాను.