ఏడాదిన్నరగా వాడుతున్న రబ్బరు బ్యాండ్: బెణికిన చీలమండకు ఎంత పనికొచ్చింది?

మెట్టు దిగుతుంటే కుడిపాదం లోపలికి మడతపడి చీలమండ బెణికింది. బయటివైపు లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే కణజాలపు పట్టీ) కొంత చిరిగిందన్నారు. కొన్ని వారాలకు వాపు తీసింది గానీ నొప్పి పోలేదు. ఎగుడుదిగుడు నేల మీద అడుగు పడితే కలుక్కుమనేది. ఆ భయంతో నెలల తరబడి ఆ కాలి మీద బరువు మోపడమే మానేశాను. పిక్క సన్నబడిపోయింది. అప్పుడు ఫిజియోథెరపిస్టు ఈ లేటెక్స్ (సహజ రబ్బరు) బ్యాండ్, అంటే సాగదీసి వ్యాయామం చేసే పట్టీ, వాడమన్నారు.

ఇందులో నాకు బాగా నచ్చింది, లాగుడును కొద్దికొద్దిగా పెంచుకోగలగడం. ఒక అంగుళం దగ్గరగా కడితే చాలు, తేడా తెలుస్తుంది. కాళ్లు చాపి కూర్చుని, ఒక కొసను లోపలివైపున్న మంచంకోడుకు కట్టి, రెండో కొసను పాదానికి చుట్టుకుంటాను. మోకాలు కదలకుండా పాదాన్ని బయటికి తిప్పి, మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదులుతాను. బ్యాండ్ పాదాన్ని గుంజుకుపోతుంటే ఆపుకుంటూ రావడమే ఇందులో కష్టం.

మరి నొప్పి ఉండగా చేయొచ్చా? నాకు చెప్పిన కొలత ఇది: పదికి మూడు దాకా ఫర్వాలేదు, మర్నాటికి మామూలు స్థితికి రావాలి. పొద్దున్నే మంచం దిగి వేసే మొదటి అడుగులోనే నాకు తెలిసిపోయేది. ఎక్కువగా ఉంటే మానేయకుండా బ్యాండ్ వదులు చేసుకునేదాన్ని. బ్యాండ్ ఎంత గట్టిదో రంగును బట్టి తెలుస్తుంది; నా వాటిలో పసుపు కన్నా ఎరుపు, ఎరుపు కన్నా ఆకుపచ్చ గట్టివి. మొదటి నెలలోనే తొందరపడి పసుపు నుంచి ఎరుపుకు మారితే రెండు రోజులు ఒకటే సలుపు. మళ్లీ పసుపుకే వచ్చాను. ఆకుపచ్చకు చేరడానికి ఏడు నెలలు పట్టింది. రంగుల వరస అన్ని కంపెనీలకూ ఒకటి కాదు, కొనేముందు చూసుకోండి.

నిలకడ మాత్రం దీనితో రాలేదు. దానికి గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడటం విడిగా చేయాల్సి వచ్చింది. మొదట్లో పది సెకన్లకే పాదం గజగజలాడేది.

లోపాలూ ఉన్నాయి. కిటికీ దగ్గర ఎండలో వదిలేస్తే లేటెక్స్ పెళుసెక్కుతుంది. అలా ఒకటి, అంచున గోరంత చీలిక ఉన్నది చూసుకోక, తెగి ముంజకాలికి చెళ్లున తగిలింది. ఇప్పుడు ప్రతిసారీ వెలుతురులో సాగదీసి చూస్తాను. లేటెక్స్ పడనివాళ్లు అది లేని రకమే తీసుకోవాలి. వాపు మళ్లీ వచ్చినా, కీలు పట్టేసినా, కాలు ఉన్నట్టుండి జారిపోతున్నా బ్యాండ్ పక్కనపెట్టి డాక్టర్‌కు చూపించండి.

చలి ఉదయాల్లో చీలమండ ఇప్పటికీ కాసేపు బిగుసుకుంటుంది. కానీ రాళ్ల దారిలోనూ నడుస్తున్నాను. ఇప్పుడు వాడుతున్నది నాలుగో బ్యాండ్, అదే రకం.