ఆరడుగులు దాటినవాళ్లకు ఎంజీబీనా, స్పిట్‌ఫైరా, మిడ్జెట్టా: ఏది మేలు?

ఆరడుగుల రెండంగుళాల మనిషి ఎంజీబీ, స్పిట్‌ఫైర్, మిడ్జెట్ లాంటి పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొనాలనుకుంటే ముందు తన కొలతలే తీసుకోవాలి. ఎత్తు కాళ్లలో ఉందా, నడుం పైన ఉందా అన్నదాన్నిబట్టి ఎంచుకోవాల్సిన కారే మారిపోతుంది.

కాళ్లు పొడవైతే ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ (1962–80) మంచిది. పట్టి ఉంచే క్లాంప్ వదులు చేసి స్టీరింగ్ కాలమ్‌ను (చక్రాన్ని మోసే కడ్డీని) లోపలికి జరిపితే మోకాళ్లకు చోటు దొరుకుతుంది. జరిపాక క్లాంప్ బోల్టులతో ఆపకుండా అలెన్ స్క్రూను (తలలో ఆరు పలకల గుంట ఉన్న మరను), దాన్ని కదలకుండా పట్టే లాక్‌నట్‌ను కూడా బిగించాలి. అవి వదులుగా ఉండిపోతే కాలమ్ జారుతుంది. మడిచే పైకప్పు (టాప్) వేసినప్పుడు మాత్రం పైనున్న ఇనుప కమ్మీ గతుకు వచ్చినప్పుడల్లా నడినెత్తికి తగిలే ప్రమాదముంది.

నడుం పైభాగం పొడవైతే ఎంజీబీయే, అందులోనూ 1965లో వచ్చిన, పైకప్పు తీయడానికి వీల్లేని జీటీ. ఓపెన్ ఎంజీబీలో ముందు అద్దం పైచట్రం సరిగ్గా కళ్లకు అడ్డొస్తుంది, సిగ్నల్ చూడాలన్నా తల వంచాల్సిందే. జీటీ అద్దం అంతకన్నా ఎత్తు. ఓపెన్ కారే కావాలంటే సీటు పట్టాల కిందున్న చెక్క బద్దలు తీసేయండి, అర అంగుళం దాకా కిందికి దిగుతారు. అప్పుడు పాత బోల్టులు పొడవెక్కువవుతాయి, పొట్టివి వేయాలి. పట్టా చుట్టూ కార్పెట్‌ను కత్తిరించకపోతే సీటు జరగదు, గొళ్లెం పడదు. సీటుకు కొత్త స్పాంజి వేయించేటప్పుడు మరీ జాగ్రత్త: అణిగిపోయిన పాతదాని స్థానంలో నిండు స్పాంజి పడితే, కష్టపడి దించిన ఎత్తంతా తిరిగి వచ్చేస్తుంది. పలచటిదే అడగండి.

తొడలకు స్టీరింగ్ తగులుతుంటే చిన్న చక్రం వేయొచ్చు. 16 అంగుళాలది తీసి 13ది పెడితే కింద దొరికేది అంగుళంన్నరే. పవర్ స్టీరింగ్ లేని కార్లు గనక పార్కింగ్‌లో చేతులు నొప్పెడతాయి, మీటర్లు కూడా కొంత మరుగున పడతాయి.

మిడ్జెట్‌ది చివరి స్థానం. ముందు వెనక చక్రాల మధ్య దూరం ఎంజీబీకి 91 అంగుళాలు, స్పిట్‌ఫైర్‌కు 83, దీనికి 80 మాత్రమే. సీటు వెనక్కి జరిగితే గోడే. పట్టాలకు కొత్త రంధ్రాలు వేసినా దక్కేది స్వల్పం. క్లచ్ పక్కనే టన్నెల్ (గేర్‌బాక్స్‌ను కప్పే ఉబ్బు) ఉండటంతో ఎడమ పాదం పెట్టుకోవడానికి చోటుండదు. చూడటానికి వెళ్లేటప్పుడు సన్నటి అడుగున్న బూట్లు వేసుకుని, టాప్ మూసి, క్లచ్ నిండా తొక్కి చూడండి. మోకాలు స్టీరింగ్ చక్రానికి తగిలితే వదిలేయండి.