కోటు కంటే ముందు ప్యాంటు: చలిలో జింకల వేటకు కొన్న ఉన్ని బట్టలపై సమీక్ష

అమెరికాలోని మిన్నెసోటాలో తుపాకీతో జింకలను వేటాడే కాలం నవంబరు మొదట్లో వస్తుంది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చడానికి అనుమతి ఉంటుంది కనుక, చీకటి ఉండగానే అడవిలోకి నడిచి, చెట్టుకు కట్టిన మంచె ఎక్కి, నాలుగైదు గంటలు చెయ్యి కూడా కదపకుండా కూర్చోవాలి. సున్నాకు పది డిగ్రీలు దిగువన గాలి కోసే ఉదయాలు ఉంటాయి, వానా మంచూ కలిసి కురిసే ఉదయాలూ ఉంటాయి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను దాదాపు పూర్తిగా నిషేధించింది కాబట్టి, పాలమూరు నుంచి ఇక్కడికి వచ్చిన నాకు ఈ బట్టల సంగతి చెప్పగల పెద్దలు ఇంట్లో ఎవరూ లేరు. మూడు సీజన్లలో కొన్నవాటిలో ఏవి నిలిచాయో, ఏవి నిలవలేదో ఇక్కడ రాస్తున్నాను.

మొదటి ఏడు అందరిలాగే నేనూ కోటుతోనే మొదలుపెట్టాను. ఇంటర్నెట్‌లో ‘ఉన్ని వేట కోటు’ అని చూసి తెప్పించుకున్న దాని లోపలి చీటీ చదివితే, ఉన్ని 35 శాతమే, తక్కినదంతా పాలిస్టరు, అక్రిలిక్. అనుమానం తీరక అంచు నుంచి ఒక దారం పీకి అగ్గిపుల్లతో అంటించి చూశాను. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే బూడిదగా రాలిపోతుంది. నా దారం మాత్రం కరిగి, నల్లటి గట్టి పూసలా గడ్డకట్టింది. అయినా మొండికి పోయి దాన్నే తొడుక్కుని కిలోమీటరు దూరం నడిచాను. మంచె చేరేసరికి పట్టిన చెమట ఎనిమిది గంటలకల్లా వీపు మీద మంచుపలకలా మారడంతో, పొద్దు బాగా ఎక్కకముందే దిగి వచ్చేశాను.

ఉన్ని పోగు తన బరువులో సుమారు 30 శాతం దాకా తేమను లోపలికి పీల్చుకుని కూడా చేతికి తడిగా తగలదు, పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడిని కూడా విడుదల చేస్తుంది. పోగులోని వంకరల మధ్య గాలి నిలుస్తుంది, ఆ గాలే మనల్ని కాపాడుతుంది. అలాగని దీన్ని మహిమ అనుకోకూడదు. పూర్తిగా నానిన మందపాటి ఉన్ని కోటు భుజాలు లాగేసేంత బరువెక్కుతుంది, ఆరడానికి రెండు రోజులు పడుతుంది. మా తాత గొంగడి సంగతి వేరు: దక్కనీ గొర్రెల ముతక ఉన్నితో బిగువుగా నేసి, చింతగింజల గంజి పట్టించిన ఆ గొంగడి మీద జడివాన కూడా చాలాసేపు లోపలికి దిగకుండా జారిపోయేది. బట్ట బరువును మాత్రమే కాక నేత బిగువును కూడా చూడాలన్న బుద్ధి నాకు అక్కడి నుంచే వచ్చింది.

రెండో ఏడు పాతబట్టల దుకాణంలో 40 డాలర్లకు దొరికిన బూడిదరంగు ఉన్ని ప్యాంటే ఈ సమీక్షకు అసలు కారణం. కూర్చున్న మనిషికి మొండెం వెచ్చగానే ఉంటుంది. తొడలు, మోకాళ్లు, ఇనుప పలక మీద ఆనిన పిరుదులు ముందుగా బిగుసుకుపోతాయి. మందపాటి ప్యాంటు తొడిగిన మొదటి ఉదయమే, అదే చవక కోటుతో, నేను మంచె మీద పదకొండు దాకా నిలవగలిగాను. అందుకే ఖర్చు పెట్టగలిగింది కొద్దిగానే అయితే ముందు ప్యాంటు కొనమని నా సలహా. కొనేటప్పుడు బట్టను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని చూడాలి, సూదిమొనల్లా వెలుతురు చుక్కలు కనిపిస్తే గాలి కూడా అంత తేలిగ్గానే దూరుతుంది. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని గోటితో గీరాలి. మంచి ఉన్ని దాదాపు ఏ చప్పుడూ చేయదు, నైలాను మాత్రం బరబరమంటుంది, ఆ చప్పుడు ముప్పై గజాల్లో ఉన్న జింకకు చాలు. నడుము రెండంగుళాలు వదులుగా ఉన్నది తీసుకుని, బెల్టుకు బదులు భుజాల పట్టీలు వాడితే, లోపల మరో పొరకు చోటుంటుంది.

ఆ లోపలి పొరకు స్వీడన్‌లోని ఓస్టర్‌సుండ్‌లో కుట్టే వూల్‌పవర్ బట్టలు నాకు కుదిరాయి. ఒంటికి చదరపు మీటరు బట్ట 200 గ్రాములు తూగే రకం, దాని మీద 400 గ్రాముల రకం. కొంత నైలాను కలిసిన మెరినో జాతి గొర్రెల సన్న ఉన్ని ఇది, లోపలివైపు తువ్వాలులా చిన్నచిన్న ఉచ్చులు ఉంటాయి. ప్రతి బట్టకూ దాన్ని కుట్టిన మనిషి పేరుతో చీటీ ఉంటుంది, ధర చూసి నొచ్చుకున్నప్పుడు ఆ చీటీ కొంచెం ఓదారుస్తుంది. దురద మాటకొస్తే, 30 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం దాటిన పోగుల కొనలు వంగకుండా చర్మాన్ని గుచ్చుతాయి కాబట్టి ఒంటికి తగిలేది సన్న ఉన్ని అయి ఉండాలి, ముతకది ఎప్పుడూ పైనే ఉండాలి. ముతక కోటును బనియను మీద నేరుగా వేసుకుని గుచ్చుతోందని గొణగడం గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడమే.

ఇక కోటు. 1914లో పేటెంటు పొందిన ఫిల్సన్ కంపెనీ మాకినా క్రూజర్ కోటును మిత్రుడి దగ్గర తొడిగి చూశాను. గజానికి 24 ఔన్సులు తూగే ఆ ఉన్ని బరువును, వీపు వెడల్పునా ఉన్న జేబును మెచ్చుకోకుండా ఉండలేను. కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు. 1830 నుంచి పెన్సిల్వేనియాలో నడిచి, 2018లో మిల్లు మూసేసిన వూల్‌రిచ్ వారి పాత ఎరుపు నలుపు గళ్ల కోట్లు సెకండ్‌హ్యాండ్‌లో ఇప్పటికీ దొరుకుతాయి. అయితే ఆ ఎరుపు ఇప్పటి చట్టానికి సరిపోదు. ఇక్కడ నడుము పైభాగంలో చేతులు మినహా, టోపీతో సహా, కళ్లు చెదిరే నారింజ రంగో, 2017 నుంచి అనుమతించిన గులాబీ రంగో కనిపించి తీరాలి. నిశ్శబ్దమైన కోటు మీద గలగలమనే పలుచని ప్లాస్టిక్ జాకెట్టు తొడిగి ఒక సీజను పాడుచేసుకున్నాను. ఇప్పుడు మెత్తటి ఫ్లీసు బట్టతో కుట్టినది వాడుతున్నాను. కోటును నడిచేటప్పుడు తొడుక్కోకుండా సంచికి కట్టుకుని వెళ్లి, మంచె ఎక్కాక ఒళ్లు చల్లబడే ముందు వేసుకోవాలి.

ఉతకడానికి మామూలు సబ్బుపొడి పనికిరాదు. అందులోని ఎంజైములు ఉన్నిని తింటాయి. బట్ట తెల్లగా మెరవడానికి కలిపే రసాయనం జింకలకు బాగా కనిపించే నీలి, అతినీలలోహిత కాంతిని వెదజల్లుతుంది. చల్లని నీటిలో ఉన్ని సబ్బుతో అద్ది, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, పరిచి ఆరబెడతాను. పురుగు పట్టకుండా కలరా ఉండలు వేస్తే ఆ వాసన వచ్చే నవంబరు దాకా వదలదు, అందుకే మూత బిగిసే డబ్బాలో పెడుతున్నాను. ముళ్లకాయలు మాత్రం ఉన్నికి అంటినంతగా మరి దేనికీ అంటవు. ప్రతి ఆదివారం రాత్రి పాత దువ్వెన పట్టుకుని వాకిట్లో కూర్చోవలసిందే.