అమ్మబోయే ముందు పాత ఇంటికి ఏ మరమ్మతు మేలు: వంటగదా, స్నానాల గదా, పై అంతస్తా?

హైదరాబాదులో ఇరవై ఏళ్లనాటి ఫ్లాటునో, చిన్న స్థలంలో కట్టుకున్న సొంత ఇంటినో అమ్మదలచినవారు సాధారణంగా మాడ్యులర్ కిచెన్, స్నానాల గదుల మరమ్మతు, పైన మరో అంతస్తు అనే మూడింటి మధ్య తర్జనభర్జన పడతారు. నా మటుకు నేను స్నానాల గదికే మొదటి ఓటు వేస్తాను.

ఇల్లు చూడటానికి వచ్చిన అనుభవజ్ఞులు హాల్లోని ఫాల్స్ సీలింగును చూసి మురిసిపోరు. స్నానాల గదిని ఆనుకున్న పడకగది గోడకు అరచెయ్యి ఆనించి చూస్తారు, బీరువా పక్కకు వంగి వెనక రంగు ఉబ్బిందేమోనని తొంగిచూస్తారు. అక్కడ చెమ్మ, తెల్లటి ఉప్పుపొర కనిపించాయంటే బేరం ఒక్కసారిగా దిగిపోతుంది. చాలా ఫ్లాట్లలో స్నానాల గది శ్లాబును కిందికి దించి, ఆ పల్లంలో పైపులు వేసి, ఇటుక ముక్కలతో నింపుతారు. పైపు అతుకు దగ్గర కారిన నీరు ఆ పూడికలో నిలిచి కింది ఇంటి పైకప్పుకు దిగుతుంది కనుక, పైపైన రంగు వేసినంత మాత్రాన అది ఆగదు. టైల్సు, పూడిక తీయించి, తుప్పుపట్టిన జీఐ (జింకు పూత ఇనుప) పైపుల స్థానంలో సీపీవీసీ (ప్లాస్టిక్) పైపులు వేయించి, గోడల మీదికి అడుగు ఎత్తు వరకూ వాటర్‌ప్రూఫింగ్ పూత పూయించాలి. ఆ తరువాత నీళ్లు పోయే దారి మూసి, రెండు రోజులు నీరు నిలబెట్టి, మట్టం దగ్గర సుద్దగీత గీసి, కింది ఇంటివారి అనుమతితో వారి పైకప్పు చూసి రావాలి. మేస్త్రీ ఎంత తొందరపెట్టినా ఈ పరీక్ష కాకుండా టైల్సు వేయనివ్వకండి. గీజరు లైనుకు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి కూడా అప్పుడే పెట్టించుకోవచ్చు.

మాడ్యులర్ కిచెన్ చూపులకు ముచ్చటగానే ఉంటుంది. కానీ రంగులు, అరల అమరిక మీ అభిరుచివి, కొనేవారివి కావు. అందుకే గట్టు గ్రానైటు, సింకు, కుళాయిలు మార్చి ఊరుకోవడం నయం. చెక్కపని తప్పదనుకుంటే సింకు కింద నీటిని తట్టుకునే మెరైన్ రకానికి వేసే ఐఎస్ 710 గుర్తున్న ప్లైవుడ్డే వాడాలి.

పై అంతస్తు ఫ్లాటువారికి ఎటూ కుదరదు. సొంత ఇంటికి విలువ బాగా పెంచగలిగేది అదే అయినా, పునాది అంత బరువు మోస్తుందని ఇంజనీరు చెప్పాలి, మంజూరైన ప్లానూ ఉండాలి. ప్లానులో లేని అంతస్తుకు బ్యాంకు రుణం దొరకడం కష్టం కాబట్టి, రుణం మీద ఆధారపడిన కొనుగోలుదారులు వెనక్కి తగ్గుతారు. అనుమతితో కట్టిన అంతస్తు ఖర్చును మాత్రం మూలధన లాభం (ఇల్లు అమ్మగా మిగిలే, పన్ను పడే లాభం) లెక్కలో మినహాయించుకోవచ్చు. మామూలు రంగులు, చిన్న మరమ్మతులకు ఆ వెసులుబాటు లేదు. కనుక సిమెంటు, ఇనుము బిల్లులను ఇల్లు అమ్మేవరకూ దస్తావేజులతో పాటే భద్రపరచండి.