ఎంజీబీకి ఎలక్ట్రిక్ ఫ్యాన్: నాలుగు వేసవులైనా ఆ స్విచ్ మీద కోపం తగ్గలేదు

క్రోమ్ బంపర్ ఎంజీబీకి (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) అల్యూమినియం రేడియేటర్, దానికో ఎలక్ట్రిక్ ఫ్యాన్ బిగించి నాలుగు వేసవులు గడిచాయి. రేడియేటర్ మీద పెద్దగా ఫిర్యాదు లేదు, ఫ్యాన్ మోటారు మీద అసలే లేదు. కిట్‌తో పాటు వచ్చిన ఉష్ణోగ్రత స్విచ్ మీదే కోపమంతా. దాని దగ్గరే నీళ్లు కారతాయి. కారిన ఆ నీళ్ల వల్లే చివరికి దానికి వేడి తెలియకుండా పోతుంది.

ఈ రకం కిట్లు వాడినవాళ్లకు ఆ స్విచ్ తెలిసే ఉంటుంది. చిన్న డబ్బా, దాని నుంచి సన్నటి రాగి గొట్టం, కొసన వేడిని పసిగట్టే, పెన్సిలంత లావు లోహపు బల్బు. రేడియేటర్ పై మూతిలోకి బల్బును దూర్చి, రాగి గొట్టాన్ని ఆ మూతికీ, దానికి తొడిగే టాప్ హోస్‌కూ (ఇంజిన్ నుంచి వేడినీళ్లు తెచ్చే పై రబ్బరు పైపు) మధ్య నుంచి బయటికి తెచ్చి, లీకు కాకుండా ఒక రబ్బరు ముక్క పెట్టి పైన క్లిప్పు బిగించాలి. రేడియేటర్‌కు రంధ్రం చేయక్కర్లేదు, అరగంటలో పని అయిపోతుంది. అమ్మకానికి అదే పెద్ద ఆకర్షణ.

చిక్కంతా ఆ రబ్బరు దగ్గరే. గుండ్రటి మూతి మీద గుండ్రటి హోస్ అయితే చుట్టూ సమానంగా పట్టుకుంటుంది. మధ్యలో తీగంత గొట్టం అడ్డం పడితే దానికి అటూ ఇటూ సన్నటి సందులు మిగులుతాయి. కొత్తలో మెత్తటి రబ్బరు ఆ సందుల్ని నింపుతుంది. వేడెక్కి చల్లారి, మళ్లీ వేడెక్కి చల్లారి కొన్ని నెలలకు రబ్బరు అణిగిపోతుంది, హోస్ అంచు గట్టిపడుతుంది. లోపల 10 పీఎస్ఐ ఒత్తిడి ఉన్నప్పుడు చుక్క చుక్కగా బయటికి వస్తుంది. కారిందంతా వేడి లోహం మీదే ఆరిపోతుంది కాబట్టి కింద నేల మీద తడి కనపడదు. క్లిప్పు పక్కన, సరిగ్గా రాగి గొట్టం బయటికి వచ్చే చోట, ఉప్పు పేరుకున్నట్టు నీలం కలిసిన తెల్లటి పొర ఉంటుంది. చూడాల్సింది దాన్నే. క్లిప్పు ఇంకో చుట్టు బిగిస్తే ఆగుతుందనుకోవద్దు. ఎక్కువ బిగిస్తే రబ్బరు తెగుతుంది, లేదా రాగి గొట్టం నలిగి స్విచ్చే పోతుంది.

అసలు దెబ్బ తర్వాత పడుతుంది. క్రోమ్ బంపర్ కార్లకు ఫ్యాక్టరీ నుంచి ఎక్స్‌పాన్షన్ ట్యాంకు (పొంగిన నీళ్లు పట్టి తిరిగి ఇచ్చే డబ్బా) లేదు. ప్రయాణానికి నాలుగు చెంచాలు పోయినా ఆ లోటు పూడ్చేది ఏదీ ఉండదు. మట్టం ముందుగా తగ్గేది రేడియేటర్ పై ట్యాంకులో, అంటే సరిగ్గా బల్బు ఉన్న చోట. అది నీళ్లలోంచి బయటపడి గాలీ ఆవిరీ కలిసిన ఖాళీలో వేలాడుతుంది. నీళ్లు తగిలితే అందే వేడి గాలి తగిలితే అందదు. ఉష్ణోగ్రత మీటరు బల్బు మాత్రం సిలిండర్ హెడ్‌లో, థర్మోస్టాట్‌కు (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు వదలని వాల్వు) ముందే ఉంటుంది. అక్కడ ఇంకా నీళ్లున్నాయి. కారు సిగ్నల్ దగ్గర ఆగితే మీటరు ముల్లు మధ్య గీత దాటుతుంది, వేడి వైపు ఎక్కుతూనే ఉంటుంది, ఫ్యాన్ ఉలకదు పలకదు.

అనుమానం ముందు మోటారు మీదకే పోతుంది. బ్యాటరీ నుంచి నేరుగా వైరిస్తే శుభ్రంగా తిరుగుతుంది. స్విచ్ రెండు తీగల్నీ కలిపితే అప్పుడూ తిరుగుతుంది. బల్బు ఊడదీసి థర్మామీటరు పెట్టిన వేడినీళ్ల గిన్నెలో ముంచితే సరైన డిగ్రీల దగ్గర టక్కుమని కలుస్తుంది. అన్నీ పాసే! ఇంజిన్ పూర్తిగా చల్లారాక మూత తీసి చూస్తేనే సంగతి తెలుస్తుంది: పై ట్యాంకు ఖాళీ. వేడి మీద మాత్రం ఆ మూత ముట్టుకోవద్దు. ఇంకొకటి, పైకెక్కిన ముల్లు ఉన్నట్టుండి కిందికి పడితే చల్లబడిందని సంతోషించకండి. హెడ్‌లో ఉన్న బల్బుకు కూడా నీళ్లు అందడం లేదని అర్థం. ఆ క్షణమే ఇంజిన్ ఆపాలి.

మందు ఒక్కటే, మరతో బిగించే స్విచ్. అల్యూమినియం రేడియేటర్ ఆర్డర్ చేసేటప్పుడే కింది ట్యాంకుకు ఎం22 (22 మి.మీ.) మర ఉన్న బాస్ (స్విచ్ బిగించడానికి మందపాటి లోహపు ముక్క) వెల్డ్ చేయించుకోండి. పాత రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే తర్వాతైనా బాస్ అతికించవచ్చు. రాగి వాషరు వేసి బిగిస్తే ఆ స్విచ్ హోస్ మీదా క్లిప్పు మీదా ఆధారపడదు. మట్టం కొంచెం తగ్గినా నీళ్లలోనే ఉంటుంది. డిగ్రీలు మాత్రం చూసుకుని కొనాలి. పైన పెట్టే స్విచ్ థర్మోస్టాట్ కంటే కనీసం 8, 10 డిగ్రీలు ఎక్కువ దగ్గర కలవాలి, లేకపోతే ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది. కింద అలా కాదు. అక్కడికి వచ్చేసరికి నీళ్లు రేడియేటర్‌లో వేడి వదిలేసి ఉంటాయి. పైన వాడే 92 డిగ్రీల స్విచ్‌ను కింద పెడితే ఫ్యాన్ లేచేసరికి ఆలస్యమైపోతుంది. ఈ కారులో 82 థర్మోస్టాట్ ఉంది, కింద 82 దగ్గర కలిసే స్విచ్ సరిపోయింది. రెండు టెర్మినళ్లున్న రకం తీసుకుని, 30 ఆంపియర్ల రిలే, 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, డ్యాష్‌బోర్డు కింద చేత్తో వేసుకునే స్విచ్ కూడా ఒకటి కలపండి. ఆ చేతి స్విచ్ కిట్‌లోనే ఉండాల్సింది.

1967 చివర్లో మార్పు వచ్చేదాకా తయారైన కార్లు పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ వైపును కారు బాడీకి కలిపినవి) అన్నది మరవద్దు. మోటారు తీగలు మార్చి కలపకపోతే ఫ్యాన్ తిరుగుతుంది, కానీ వెనక్కి. లోపల డయోడ్ ఉన్న రిలే అయితే 85, 86 (రిలే కాయిల్ టెర్మినళ్లు) కూడా చూసుకోవాలి. ఆ కార్లలోని డైనమో గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంపియర్లు, ఐడిలింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. ఫ్యాన్ అవసరం పడేది ఐడిలింగ్‌లోనే. రాత్రి హెడ్‌లైట్లు వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడితే ఫ్యాన్‌ను నడిపేది బ్యాటరీ ఒక్కటే.

మెకానికల్ ఫ్యాన్ తీసేశాక పుల్లీ బోల్టులు పొడుగైపోతాయి. పొట్టివి వేయండి, లేదా వాషర్లతో సరిచేయండి. ఫ్యాన్‌ను రేడియేటర్ రెక్కల్లోంచి దూర్చే ప్లాస్టిక్ టైలతో బిగించవద్దు, అదురుకు అవి గొట్టాల్ని కోస్తాయి. బ్రాకెట్లే నయం.

అల్యూమినియం రేడియేటర్ పెట్టిన మొదటి వేసవిలో దాన్ని అందరి దగ్గరా మెచ్చుకున్న మాట నిజం. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. అదే రోజు ఇంజిన్ బ్లాకు లోపల కూడా కడిగించాను. వెనక ఉన్న డ్రెయిన్ ట్యాప్ విప్పితే చుక్క రాలేదు. తీగ పెట్టి పొడిస్తే గట్టిపడిన తుప్పు బురద ముద్దలుగా ఊడింది. థర్మోస్టాట్ తీసి పైనుంచి పైపుతో నీళ్లు వదిలితే చాలాసేపు చింతపండు పులుసు రంగులోనే వచ్చాయి. ఆ బురద పేరుకునేది వెనక, నాలుగో సిలిండర్ చుట్టూ. అది అక్కడుంటే ముందు ఎంత ఖరీదైన రేడియేటర్ పెట్టినా ఆ సిలిండర్‌కు చల్లదనం అందదు. రెండు పనులూ ఒకేసారి చేయడంతో ఘనతంతా రేడియేటర్ ఖాతాలో పడింది. ఖాళీ రోడ్డు మీద ముల్లు ఇప్పుడూ పాత రేడియేటర్‌తో నిలిచిన చోటే నిలుస్తుంది. అక్కడ నిర్ణయించేది థర్మోస్టాట్ కదా.

ఊహించనంత మేలు చేసింది మాత్రం రేడియేటర్ చుట్టూ సందుల్లో అతికించిన ఫోమ్ పట్టీ. ఆ సందులుంటే ముందు నుంచి వచ్చే గాలి రేడియేటర్‌ను తప్పించుకుని పక్కల నుంచి పోతుంది. ఖర్చు దాదాపు శూన్యం, పని గంటసేపు. మొదట చేయాల్సింది అదీ, బ్లాకు కడగడమూ. నీళ్లు నింపేటప్పుడు హీటరు వాల్వు తెరిచి, కారు ముక్కు కొంచెం ఎత్తి నింపండి. నీలం రంగు పాత రకం యాంటీఫ్రీజే వాడండి, రెండేళ్లకోసారి మార్చండి. మూత ఒత్తిడి పెంచితే నీళ్లు మరిగే డిగ్రీ పెరుగుతుంది, 10 పీఎస్ఐ దగ్గర 115, 15 దగ్గర 121. కానీ పాత హీటరు, పాత హోస్‌లు ఆ ఒత్తిడికి తట్టుకుంటాయో లేదో చూసుకున్నాకే.

ఈ కారు ఎక్కువగా తిరిగేది వేసవి ట్రాఫిక్‌లో, అందుకే ఎలక్ట్రిక్ ఫ్యాన్‌ను తీసేసే ఆలోచన లేదు. మీ కారు ఉదయాన్నే ఖాళీ రోడ్ల మీద తిరిగేదైతే, లేదా ఇంకా డైనమో మీదే ఉంటే, బ్లాకు శుభ్రంగా ఉన్నంతవరకు మెకానికల్ ఫ్యాన్ చాలు. ఇప్పటికే టాప్ హోస్‌లో బల్బు పెట్టి ఉంటే రేపు ఉదయం ఇంజిన్ చల్లగా ఉండగా ఒకసారి క్లిప్పు పక్కన వేలు పెట్టి చూడండి. తెల్లటి పొర వేలికి అంటితే మూత తీసి మట్టం చూడండి.