హోమోలొగేషన్ మీ పిల్లల తరగతికి ఉందా లేదా చూడకుండా ఫ్రెంచ్ స్కూల్‌కి ఫీజు కట్టకండి

ఉద్యోగరీత్యా వేరే దేశం వెళ్తూ పిల్లల్ని బైలింగ్వల్ ఫ్రెంచ్ ఇంటర్నేషనల్ స్కూల్లో వేద్దామని చూస్తున్న వాళ్ళ కోసం ఈ పోస్ట్. స్కూల్ పేరు రాయడం లేదు. ఫీజు వాపసు గురించి ఇంకా మెయిల్స్ నడుస్తున్నాయి. పేరు కంటే, ఇలాంటి స్కూల్‌ని ముందే ఎలా పట్టుకోవాలో తెలియడం ముఖ్యం.

"ఫ్రెంచ్", "ఇంటర్నేషనల్", "బైలింగ్వల్" అనే మాటలు చూసి ఏమీ తేల్చుకోలేం. విదేశాల్లోని ఫ్రెంచ్ స్కూళ్ళ విషయంలో లెక్కలోకి వచ్చేది ఫ్రాన్స్ విద్యాశాఖ ఇచ్చే గుర్తింపు. దాన్నే హోమోలొగేషన్ అంటారు. అది ఉన్న తరగతిలో చదివిన పిల్లలు ఫ్రాన్స్‌లోని ప్రభుత్వ స్కూల్లోకైనా, ఇంకో దేశంలోని గుర్తింపు ఉన్న ఫ్రెంచ్ స్కూల్లోకైనా, సీటు ఉంటే చాలు, ప్రవేశ పరీక్ష లేకుండా పై తరగతికి వెళ్ళొచ్చు. కొన్నేళ్ళకోసారి దేశం మారే కుటుంబాలు అంతంత ఫీజులు కట్టేది ఈ వెసులుబాటు కోసమే కదా.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఆ గుర్తింపు స్కూల్ మొత్తానికి ఒకేసారి రాదు, స్థాయిల వారీగా వస్తుంది. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ పిల్లలుండే మాతెర్నెల్‌కి ఉండి, ఆ పైన సీపీ (ప్రైమరీ మొదటి ఏడాది) నుంచి లేకపోవచ్చు. ప్రైమరీకి ఉండి కాలేజ్‌కి లేకపోవచ్చు (వాళ్ళ కాలేజ్ అంటే పదకొండు నుంచి పదిహేనేళ్ళ పిల్లల స్కూల్, కంగారు పడకండి). మా పాప చదివిన చోట గుర్తింపు మాతెర్నెల్‌కి మాత్రమే. పాప చేరింది సీఈ2లో, అంటే ప్రైమరీ మూడో ఏడాదిలో. బ్రోషర్‌లో "హోమోలొగేషన్ పొందిన స్కూల్" అని పెద్దక్షరాలతో వేశారు. తప్పు పట్టడానికి లేదు, అబద్ధం కాదు కాబట్టి! పై తరగతుల సంగతేంటని అడిగితే అడ్మిషన్స్ ఆవిడ "దరఖాస్తు పెట్టేశాం, ఈ ఏడాదే వచ్చేస్తుంది" అన్నారు. ఆ మాట ఏ మెయిల్లోనూ లేదు, అంతా నోటి మాటే.

మావారికి మళ్ళీ ట్రాన్స్‌ఫర్ వచ్చాకే ఇదంతా బయటపడింది. కొత్త దేశంలోని స్కూల్‌కి అన్ని స్థాయిలకూ గుర్తింపు ఉంది. పాప రిపోర్టులు చూసి, "ఈ తరగతికి హోమోలొగేషన్ లేదు కాబట్టి పరీక్ష రాయాలి" అన్నారు. డిక్టేషన్ ఇచ్చారు. ఫ్రెంచ్ పిల్లలు వాడే సెయెస్ గీతల కాగితం అది, ప్రతి ముదురు గీతకీ మధ్యలో మూడు లేత గీతలు ఉంటాయి. ఏ అక్షరం ఏ గీత దాకా వెళ్ళాలో సీపీ నుంచే గొలుసుకట్టులో రాయిస్తారు. మా పాప ఆ కాగితాన్ని చూడటం అదే మొదటిసారి. అచ్చు అక్షరాల్లో విడివిడిగా రాసింది. టీచర్ చదివింది అర్థమైంది కానీ, బహువచనం చివర పలకని అక్షరాలన్నీ వదిలేసింది. అక్కడ మార్కులు పోయేదే వాటి దగ్గర. లెక్కల పేపర్లో కూడికలు, తీసివేతలు టకటకా చేసేసి, వాక్యాల్లో ఇచ్చిన లెక్కల దగ్గర ఆగిపోయింది. లెక్కలన్నీ ఇంగ్లిష్‌లోనే నేర్చుకుంది మరి. "ఫ్రెంచ్‌లో చాలా చక్కగా పాల్గొంటోంది" అని పాత స్కూల్ ఇచ్చిన రిపోర్ట్ నా బ్యాగ్‌లోనే ఉంది. ఎంత ఒళ్ళు మండిందో చెప్పలేను.

పాపని మళ్ళీ సీఈ2లోనే కూర్చోబెట్టారు. పక్కన విడిగా ఫ్రెంచ్ సపోర్ట్ క్లాసులు. కొత్త స్కూల్ని ఏమీ అనను, వాళ్ళు చేసింది న్యాయమే.

ఇక "సగం ఫ్రెంచ్, సగం ఇంగ్లిష్" అన్న మాట సంగతి. టైమ్‌టేబుల్ ఇమ్మని గట్టిగా అడిగితే తేలిందేమిటంటే, ఫ్రెంచ్ వాటాలో ఎక్కువ భాగం ఆటలు, పాటలు, బొమ్మలు వేయడం. పైగా భోజనం బ్రేక్‌ని కూడా ఫ్రెంచ్ గంటల్లో కలిపారు. అక్కడ పిల్లల్ని చూసుకునే ఆవిడ ఫ్రెంచ్ మాట్లాడతారట! ఫ్రాన్స్‌లో ప్రైమరీకి వారానికి 24 గంటల పాఠాలు. సీపీ నుంచి సీఈ2 దాకా అందులో 10 గంటలు ఫ్రెంచ్‌కి, 5 గంటలు లెక్కలకి. బైలింగ్వల్ స్కూల్లో అంతా అలాగే ఉండాలని కాదు. కానీ ఏ సబ్జెక్ట్ ఏ భాషలో, వారానికి ఎన్ని గంటలు, ఎవరు చెప్తారు అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. ఫ్రెంచ్ మాతృభాష అయిన వాళ్ళందరూ టీచర్లు కారు. ఫ్రాన్స్ విద్యాశాఖ నుంచి వచ్చిన పర్మనెంట్ టీచర్లు ఎంతమంది ఉన్నారో అడగండి.

మనల్ని తికమక పెట్టే ఇంకో లోగో ఉంది, లేబెల్ ఫ్రాంక్ ఎడ్యుకేసియోఁ అని. 2012లో మొదలైంది, ఇచ్చేది ఫ్రాన్స్ విదేశాంగ శాఖ. స్థానిక సిలబస్ చెప్తూనే ఫ్రెంచ్‌ని గట్టిగా నేర్పే సెక్షన్లు ఉన్న స్కూళ్ళకి ఇస్తారు. మంచి గుర్తింపే, ఆ స్కూళ్ళలో మంచివి ఉంటాయి. కానీ అది హోమోలొగేషన్ కాదు. పిల్లలు చదివేది ఫ్రెంచ్ సిలబస్ కాదు.

పెద్ద పిల్లలున్న వాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. స్కూల్ చదువు చివర రాసే బాకలోరెయా పరీక్ష మార్కుల్లో 40 శాతం స్కూల్లో ఏడాది పొడవునా జరిగే మూల్యాంకనం నుంచే వస్తాయి. గుర్తింపు లేని లీసే (కాలేజ్ తర్వాతి స్కూల్) నుంచి రాసే పిల్లలకి ఆ మార్కులు లెక్కలోకి రావు, ప్రైవేట్ అభ్యర్థుల్లాగా విడిగా పరీక్షలు రాసుకోవాలి. ఇంకోటి, ఏదైనా స్కూల్ ఇప్పటికీ "ఓఐబీ" (బాకలోరెయాలో ఒకప్పటి ఇంటర్నేషనల్ ఆప్షన్) అని ప్రచారం చేస్తోంటే బ్రోషర్ పాతదని అర్థం. 2024 పరీక్షల నుంచి దాని స్థానంలో బీఎఫ్ఐ (ఫ్రెంచ్ ఇంటర్నేషనల్ బాకలోరెయా) వచ్చింది.

డబ్బు గురించి ఎక్కువ రాయను. మొదటిసారి చేరేటప్పుడు కట్టే ఫీజు చాలాచోట్ల వెనక్కి రాదు. కంపెనీ కడుతోంది కదా అని కాంట్రాక్ట్ చదవకుండా వదిలేయొద్దు, సంతకం మీది. విదేశాల్లోని ఫ్రెంచ్ స్కూళ్ళ వ్యవహారాలు చూసే ఏఈఎఫ్ఈ అనే సంస్థ ఇచ్చే స్కాలర్‌షిప్పులు ఫ్రెంచ్ పౌరుల పిల్లలకే, వాటి మీద ఆశ పెట్టుకోకండి.

చెక్ చేయడం కష్టమేమీ కాదు. ఆ ఏఈఎఫ్ఈ 1990లో ఏర్పడింది. వాళ్ళ సైట్‌లో దేశాల వారీగా స్కూళ్ళ వివరాలు ఉంటాయి. విద్యాశాఖ కూడా ఏటా గుర్తింపు ఉన్న స్కూళ్ళ జాబితా ప్రకటిస్తుంది. అందులో స్కూల్ పేరు కనబడగానే ఆగిపోకండి, పక్కన ఏయే స్థాయిలు రాశారో చూడండి. మీ పిల్లల ఈ ఏడాది తరగతితో పాటు వచ్చే రెండేళ్ళ తరగతులూ చూసుకోండి.

ఆ తర్వాత స్కూల్‌కి ఒక మెయిల్ పెట్టండి: "మా బాబు లేదా పాప చేరే తరగతికి ఈ విద్యా సంవత్సరంలో హోమోలొగేషన్ ఉందా? లేకపోతే, గుర్తింపు రాని పక్షంలో ప్రవేశ ఫీజు వాపసు ఇస్తారా?" ఉన్నవాళ్ళు వెంటనే ఉందని రాస్తారు. మేము ఇదే ప్రశ్న పాత స్కూల్‌కి ఇప్పుడు పంపితే, "వివరాలు మాట్లాడుకుందాం, క్యాంపస్‌కి రండి" అని జవాబు వచ్చింది. వచ్చే ఏడాది అడ్మిషన్లు మాత్రం మొదలుపెట్టేశారు, బ్రోషర్‌లో అదే వాక్యం అలాగే ఉంది.